కాన్సరును మొగ్గలోనే గుర్తించుట

సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచెను. నాలుగు దినములకు ముందు ఆ దోమ ఒక మలేరియా రోగి రక్తమును త్రాగియుండెను. ఆ గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములు కొన్ని ఆయనకు కనబడినవి. మలేరియా పరాన్నజీవి దోమ శరీరములో పెరుగునను సత్యము ఆనాడు తేలినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించినది. ఆయన పనిచేసిన కట్టడము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది.

ఈ కథ మన పాఠశాలల విద్యార్థులకు తెలిసినదే. కాని అందులో మలేరియాకు మాత్రమే చెందని పాఠ మొకటి కలదు. రాస్ కోసిన దోమ పైకి చూచుటకు తక్కిన దోమల వలెనే ఉండెను. ఎగురుచుండెను, వ్రాలుచుండెను. లోపల జరుగుచున్నది మాత్రము వేరు. పైకి ఏ గుర్తును లేనంత మాత్రమున లోపల ఏమియు లేదని చెప్పరాదు. వెదకువానికి అది ముందుగనే కనబడును.

ఈ పాఠము మిక్కిలి అవసరమైన వ్యాధి కాన్సరు. దీనినే మన పల్లెలలో రాచపుండు అనియు, పుట్టకురుపు అనియు పిలిచెడివారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా ప్రకారము 2022లో మన దేశమున 14 లక్షల మందికి పైగా క్రొత్తగా ఈ వ్యాధి సోకినది. 9 లక్షల మందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని రెడ్‌హిల్స్‌లో 1955లో వెలసిన కాన్సరు ఆసుపత్రి నేడు మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ప్రాంతీయ కాన్సరు కేంద్రముగా పనిచేయుచున్నది. అట్టి ఆసుపత్రులకు వచ్చు రోగులలో అనేకులు వ్యాధి ముదిరిన పిమ్మటనే వచ్చుచున్నారు. "ఇంతవరకు ఏ బాధయు లేదు, అందుచేత రాలేదు" అనునది వారు చెప్పు కారణము. ఆ కారణములోనే చిక్కంతయు ఉన్నది.

బాధకు ముందున్న కాలము

కాన్సరు ఒక్క రాత్రిలో పుట్టునది కాదు. మన శరీర కణములు అవసరమైనంతవరకే విభజన చెంది, పిదప ఆగిపోవును. ఏదో ఒక కణములో జన్యుపదార్థము చెడి, ఆ ఆజ్ఞను లెక్కచేయక విభజన చెందుచు పోయినచో, ఆ కణపు సంతతియే కాన్సరు గడ్డ యగును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. సామాన్యముగా ఒక కణపు వెడల్పు మిల్లీమీటరులో నూరవ వంతు అనుకొందము. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. పదిమారులు రెట్టింపైనచో 1,024 కణములు. ఇరువది మారులు రెట్టింపైనచో పది లక్షలకు పైబడును. అప్పటికి ఆ గడ్డ మిల్లీమీటరు కొలత గల చుక్క మాత్రమే. ముప్పది మారులకు అది నూరు కోట్లు దాటును. అప్పుడు గడ్డ సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు, ఒక గ్రాము బరువు గలదై చేతికి తగులును. మరి పదిమారులు రెట్టింపైనచో ఒక కిలోగ్రాము! అంతటి భారమును శరీరము మోయజాలదు.

అనగా వ్యాధి నడచు నలువది మెట్లలో మొదటి ముప్పది మెట్లును చీకటిలోనే గడచిపోవుచున్నవి. ఒక్కొక్క రెట్టింపునకు నూరు దినములు పట్టుననుకొన్నచో, గడ్డ చేతికి తగులుటకు ముందు ఎనిమిది సంవత్సరములకు పైగా గడచును. తగిలిన పిదప మిగిలినది మూడు సంవత్సరముల లోపు. నిజమైన గడ్డలలో అనేక కణములు మధ్యలోనే చచ్చిపోవును గనుక, వృద్ధి ఇంత సరిగా నడువదు. కొన్ని గడ్డలు త్వరగా పెరుగును, కొన్ని ఏండ్ల తరబడి కదలక ఉండును. అయినను లెక్కలోని సారము మారదు. రోగికి తెలియు భాగము కథలో చివరి భాగమే.

కొన్ని కాన్సర్లలో ఈ చీకటి కాలమునకు ముందు మరియొక దశ కూడ కలదు. అప్పటికి కణముల రూపము మారియుండును గాని అవి ఇంకను చుట్టునున్న పొరలను ఛేదించి లోనికి చొచ్చుకొని పోవు. దీనిని కాన్సరు పూర్వదశ యందురు. ఆ దశలో గుర్తించినచో కాన్సరును కుదుర్చుట కాదు, అసలు పుట్టకుండ చేయుటయే సాధ్యమగును.

గర్భాశయ ముఖద్వారపు కాన్సరు

ఇట్టి పూర్వదశకు ఉత్తమమైన ఉదాహరణము గర్భాశయ ముఖద్వారపు కాన్సరు. 2022 అంచనా ప్రకారము మన దేశములో 1,27,526 మంది స్త్రీలకు ఇది క్రొత్తగా కలిగినది. 79,906 మంది దీనివలన మరణించిరి. ఇంచుమించు ఈ కాన్సర్లన్నిటికిని కారణము హ్యూమన్ పాపిలోమా వైరస్ అనబడు సూక్ష్మజీవి. 1983, 84 సంవత్సరములలో ఈ వైరస్ యొక్క 16వ, 18వ రకములను ఈ కాన్సరు కణములలో కనుగొన్న హెరాల్డ్ జూర్ హౌసెన్ అను జర్మను శాస్త్రజ్ఞునకు 2008లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ వైరస్ స్త్రీలలో చాలమందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు సోకును. నూటికి తొంబదిమందిలో శరీరమే రెండు సంవత్సరముల లోపల దానిని వెడలగొట్టును. కొద్దిమందిలో మాత్రము అది తిష్ఠ వేసికొని, కణముల రూపమును నెమ్మదిగా మార్చును. సోకిన నాటినుండి కాన్సరు వరకు సాధారణముగా పది నుండి ఇరువది సంవత్సరములు పట్టును. వైద్యునకు ఇంతటి గడువునిచ్చు కాన్సర్లు అరుదు.

ఈ గడువును మొదట వినియోగములోనికి తెచ్చినవాడు గ్రీసు దేశములో 1883లో జన్మించిన జార్జ్ పాపనికొలావ్. అమెరికాలో ఆయన మొదట గినీ పందులలో కణముల మార్పులను పరిశీలించుచు, పిదప స్త్రీలనుండి సేకరించిన స్రావములో కాన్సరు కణములను గుర్తించెను. 1928లో ఈ సంగతి ప్రకటించినప్పుడు వైద్యులు అంతగా పట్టించుకొనలేదు. 1943లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలసి వెలువరించిన గ్రంథముతో ఆ పరీక్షకు గౌరవము లభించినది. ముఖద్వారమునుండి సహజముగా రాలు కణములను గాజుపలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూచుటయే ఆ పరీక్ష. దానినే పాప్ పరీక్ష యందురు.

పాప్ పరీక్షకు సూక్ష్మదర్శినియు, కణములను చదువ నేర్చిన నిపుణులును కావలెను. ఇవి లేని చోట మరియొక ఉపాయము కలదు. నూటికి మూడు నుండి అయిదు పాళ్ళ ఎసిటిక్ ఆమ్లమును, అనగా వంటింటి వెనిగరు వంటి ద్రవమును, ముఖద్వారమునకు అద్ది ఒక నిమిషము ఆగి చూతురు. మార్పు చెందిన చోటు తెల్లబారును. ఎందుచేత? మారిన కణములలో కేంద్రకము పెద్దదై, మాంసకృత్తులు దట్టముగా నుండును. నిమ్మరసము పడగానే పాలు విరిగినట్లు, ఆమ్లము తగిలినప్పుడు ఈ మాంసకృత్తులు తాత్కాలికముగా గడ్డకట్టి వెలుతురును తిరుగగొట్టును. ఆరోగ్యమైన కణములలో ఆ దట్టము లేదు గనుక అవి గులాబి రంగులోనే ఉండును. శిక్షణ పొందిన నర్సు ఒక దీపముతో ఈ పరీక్ష చేయగలదు.

మూడవది నేరుగా ఆ వైరస్ యొక్క జన్యుపదార్థమును వెదకు పరీక్ష. సికింద్రాబాదునుండి మన్మాడు పోవు రైలు మార్గము మీదనున్న మేడ్చలు పరిసర గ్రామములలో, 2000వ దశకపు మధ్యకాలమున పరిశోధకులు ఈ మూడు పరీక్షలను అవే స్త్రీలకు చేసి పోల్చిచూచిరి. వైరస్ పరీక్ష తక్కిన రెండింటికంటె మిన్నగా పూర్వదశ మార్పులను పట్టినది. ఆమ్లపు పరీక్ష చవుక యైనను, చూచువారి కంటి నైపుణ్యము మీద ఆధారపడుటచేత, అనేక మార్పులను జారవిడిచినది.

జల్లెడ చేయు పని

ఆరోగ్యముగా నున్నవారిని ఇట్లు పరీక్షించుటను స్క్రీనింగు అందురు. మన ఇంటి మాటలో చెప్పవలెనన్నచో అది జల్లించుట. జల్లెడకు ఏది రాయియో, ఏది గింజయో తెలియదు. దానికి పరిమాణము మాత్రమే తెలియును. రంధ్రములు చిన్నవైనచో రాళ్ళతో పాటు మంచి గింజలు కొన్ని పైన నిలిచిపోవును. పెద్దవైనచో కొన్ని రాళ్ళు క్రిందికి జారిపోవును. అందుచేత జల్లించిన పిదప పైన నిలిచినదానిని చేతితో ఏరి చూడవలెను.

ఈ మాటను లెక్కతో చూచిన మరింత తేటపడును. వేయిమంది స్త్రీలను పరీక్షించిరనుకొందము. వారిలో పదిమందికి పూర్వదశ మార్పులున్నవి, 990 మందికి లేవు. పరీక్ష ఉన్నవారిలో నూటికి ఎనుబదిమందిని పట్టును. లేనివారిలో నూటికి పదిమందిని పొరపాటున ఆపును. అప్పుడు మార్పులున్న పదిమందిలో ఎనిమిదిమంది పట్టుబడుదురు. లేని 990 మందిలో 99 మంది కూడ ఆగిపోవుదురు. మొత్తము 107 మందికి "అనుమానమున్నది" అను కాగితము చేతికి వచ్చును. వారిలో నిజముగా మార్పులున్నవారు ఎనిమిదిమందే!

ఈ లెక్కనుండి రెండు సంగతులు నేర్వవలెను. మొదటిది, అనుమానమున్నదని వ్రాసిన కాగితము కాన్సరున్నదని చెప్పు తీర్పు కాదు. అది రెండవ పరీక్షకు పిలుపు మాత్రమే. ఈ భేదము తెలియక భయపడి ఇంటిలో కూర్చున్నవారు, తమలోనున్న ఆ ఎనిమిదిమందిని తామే చీకటిలోనికి నెట్టినవారగుదురు.

రెండవది, "ఏమియు లేదు" అని వచ్చిన 893 మందిలో ఇద్దరు జారిపోయినవారున్నారు. ఎవరో తెలియదు. వారిని పట్టుటకు ఉన్న మార్గ మొక్కటే, మరల జల్లించుట. వ్యాధి పది ఇరువది ఏండ్లు నెమ్మదిగా నడచును గనుక, కొన్ని ఏండ్ల తరువాత మరల పరీక్షించినప్పుడు ఆ ఇద్దరిలో చాలవరకు దొరుకుదురు. ఈ నడుమ క్రొత్తగా మార్పు మొదలైనవారును దొరుకుదురు. క్రమము తప్పక పరీక్షించుకొనవలెనని వైద్యులు చెప్పుటకు కారణ మిదియే. ఒకమారు చేయించుకొన్న పరీక్ష జీవితమంతటికి హామీ కాదు.

నిజముగా మేలు కలుగునా?

ముందుగా గుర్తించినచో ఎక్కువ కాలము బ్రదుకుదురని చెప్పుట సులభము. కాని శాస్త్రజ్ఞులు ఆ మాటను ఊరకే నమ్మరు. అందులో ఒక మోసము దాగియున్నది.

ఒక వ్యక్తికి 60వ ఏట వ్యాధి బయటపడి, 63వ ఏట మరణము సంభవించినదనుకొందము. రోగము తెలిసిన పిదప బ్రదికినది మూడేండ్లు. అదే వ్యక్తికి 57వ ఏటనే పరీక్షలో వ్యాధి తెలిసి, 63వ ఏటనే మరణించినచో, బ్రదికినది ఆరేండ్లని లెక్కకు వచ్చును. ఆయుర్దాయము ఒక్క దినమైనను పెరుగలేదు; రోగినని తెలిసికొని దుఃఖించిన కాలము మాత్రము రెట్టింపైనది. కాబట్టి గుర్తించిన పిదప ఎన్ని ఏండ్లు బ్రదికిరని అడుగుట చాలదు. పరీక్షించిన ప్రజలలోను, పరీక్షించని ప్రజలలోను ఆ వ్యాధితో మరణించినవారెందరని అడుగవలెను.

అట్టి పరిశోధన యొకటి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో భాగమై, నేడు ధారాశివ్ అని పిలువబడుచున్న ఉస్మానాబాదు జిల్లాలో 1999లో మొదలైనది. 30 నుండి 59 సంవత్సరముల వయసుగల 1,31,746 మంది స్త్రీలను, వారి గ్రామములను బట్టి నాలుగు జట్లుగా విభజించిరి. ఒక జట్టుకు వైరస్ పరీక్ష, ఒక జట్టుకు పాప్ పరీక్ష, ఒక జట్టుకు ఆమ్లపు పరీక్ష ఒక్కొక్కమారు చేసిరి. నాలుగవ జట్టుకు అప్పటి వాడుక ప్రకారము లభించు వైద్యమే లభించినది. ఎనిమిది సంవత్సరముల పిదప లెక్క చూచిరి. వైరస్ పరీక్ష జరిగిన జట్టులోని 34,126 మందిలో ఈ కాన్సరుతో మరణించినవారు 34 మంది. పరీక్ష లేని జట్టులోని 31,488 మందిలో 64 మంది. అనగా మరణములు ఇంచుమించు సగమునకు తగ్గినవి. తక్కిన రెండు జట్లలో అంతటి స్పష్టమైన భేదము కనబడలేదు. ఈ ఫలితము 2009లో ప్రకటితమైనది. పరీక్ష లేకుండ ఒక జట్టును ఉంచుట న్యాయమా అను వాదము తరువాత లేచినది. ఆ 64 మంది కథ వినిన ఎవరికైనను ఆ ప్రశ్న తోచును. ఆ అరువదినాలుగు ప్రాణముల మీద నిలిచిన జ్ఞానమును వినియోగింపక విడుచుట అంతకంటె పెద్ద అన్యాయము.

ముంబయి బస్తీలలో జరిగిన వేరొక పరిశోధనలో, శిక్షణ పొందిన స్థానిక స్త్రీలు ఆమ్లపు పరీక్షను రెండేండ్ల కొకమారు చొప్పున నాలుగు మారులు చేసిరి. అందు ఈ కాన్సరు మరణములు నూటికి 31 వంతున తగ్గినవని 2014లో ప్రకటించిరి. ఒక్కమారు చేసినప్పుడు ఉస్మానాబాదులో స్పష్టమైన ఫలము నీయని ఆ సామాన్య పరీక్షయే, క్రమముగా చేసినప్పుడు ప్రాణములు నిలిపినది.

నోరును రొమ్మును

నోటి కాన్సరును వెదకుటకు మంచి వెలుతురును, తెలిసిన కన్నును చాలును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు పల్లెలలో చుట్టను నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని త్రాగు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ యందురు. త్రాగువారిలో స్త్రీలే ఎక్కువ. ఆ వేడియు పొగయు నేరుగా అంగిలికి తగులును. సాధారణముగా అరుదైన అంగిలి కాన్సరు అక్కడ తరచుగా కనబడుటకు ఇదియే కారణము. ఆ ప్రాంతమున 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి, అంగిలి మీద కలుగు మార్పులను వర్ణించిన పరిశోధన 1971లో ప్రకటితమైనది. కాన్సరుకు ముందు తెల్లని మచ్చలు, ఎఱ్ఱని మచ్చలు, పుండ్లు కనబడును. ఆ దశలో పొగాకు మానినచో మచ్చలలో అనేకము తగ్గిపోవును.

కేరళలో తిరువనంతపురము జిల్లాలో 1996లో ప్రారంభమైన పరిశోధనలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి నోళ్ళను పరీక్షించిరి. పొగాకు గాని, మద్యము గాని వాడువారిలో నోటి కాన్సరు మరణములు నూటికి 34 వంతున తగ్గినవని 2005లో తేలినది. ఆ అలవాట్లు లేనివారిలో చెప్పదగిన మేలు కనబడలేదు. వ్యాధి ఎవరికి వచ్చు అవకాశమున్నదో వారిని జల్లించుటయే ఫలవంతమని దీనివలన తెలియుచున్నది.

రొమ్ము కాన్సరు సంగతి మన నగరమునకు మిక్కిలి దగ్గరిది. 2020లో వెలువడిన జాతీయ కాన్సరు నమోదుల నివేదికలో, వయోభేదములను సరిచేసి చూచినప్పుడు హైదరాబాదు జిల్లాలో లక్షమంది స్త్రీలకు ఏటా 48 మందికి ఈ వ్యాధి కలుగుచున్నట్లు తేలినది. ఆ నివేదికలోని జిల్లాలలో అదియే మిక్కిలి ఎక్కువ. సంపన్న దేశములలో దీనికి మామోగ్రామ్ అను ఎక్స్‌రే పరీక్ష వాడుదురు. ముంబయిలో 35 నుండి 64 ఏండ్ల లోపు స్త్రీలు లక్షన్నర మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టులో శిక్షితులైన కార్యకర్తలు చేతితో రొమ్మును పరీక్షించిరి. రెండు దశాబ్దముల పిదప 2021లో ప్రకటించిన ఫలితము ఇది: వ్యాధి ముందు దశలోనే దొరికినది, 50 ఏండ్లు దాటినవారిలో మరణములు నూటికి సుమారు 30 వంతున తగ్గినవి, అంతకు చిన్నవారిలో తగ్గలేదు. మొత్తము మీద కనబడిన తగ్గుదల యాదృచ్ఛికము కాదని చెప్పుటకు చాలలేదు. శాస్త్రము తన ఫలితములను ఉన్నవి ఉన్నట్లుగా చెప్పును. మేలు ఎవరికి, ఎంతవరకు అని విడదీసి చెప్పును.

అన్ని కాన్సర్లకు జల్లెడ లేదు

ప్రతి కాన్సరుకు ఇట్టి పరీక్ష కలదని తలచుట పొరపాటు. జపాను దేశములో 1980వ దశకమునుండి పసిపిల్లల మూత్రమును పరీక్షించి, న్యూరోబ్లాస్టోమా అను కాన్సరును వెదకెడివారు. ఎన్నో గడ్డలు దొరికినవి. కాని వాటిలో చాలభాగము వాటంతట అవియే మాయమగునట్టివి. ప్రాణము తీయు గడ్డలను ఆ పరీక్ష ముందుగా పట్టలేకపోయినది. అక్కరలేని శస్త్రచికిత్సలు జరుగుచున్నవని గ్రహించి 2004లో ఆ దేశము ఆ పరీక్షను నిలిపివేసినది.

అందుచేత ఒక పరీక్షను ప్రజలందరికి చేయవలెనన్నచో, వ్యాధికి గుర్తింపదగిన మౌనదశ ఉండవలెను. ఆ దశలో చేయు చికిత్స ఆలస్యముగా చేయుదానికంటె మేలైనదిగా నుండవలెను. పరీక్ష సురక్షితమై, ప్రజలు అంగీకరింపదగినదై యుండవలెను. అనుమానము తేలినవారికి తరువాతి పరీక్షయు, చికిత్సయు అందుబాటులో నుండవలెను. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణలో విల్సన్, యుంగ్నర్ అనువారు క్రోడీకరించిన సూత్రముల సారమిది. చివరి సూత్రము మరువరానిది. అనుమానమున్నదని చెప్పి రోగిని దారిలో వదలివేయు పరీక్షవలన భయమే గాని మేలు లేదు.

ఈ సూత్రములకు నిలిచినవి గనుకనే, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము అను మూడు చోట్ల కాన్సరును వెదకుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములను వెలువరించినది. 30 ఏండ్లు దాటినవారికి అయిదేండ్ల కొకమారు ఈ పరీక్షలు జరుగవలెనని వాటి సారాంశము. గర్భాశయ ముఖద్వారపు పూర్వదశ మార్పులను వేడితో గాని, అతిశీతలముతో గాని కొద్ది నిమిషములలో నశింపజేయవచ్చును. చాలమంది ఆ దినముననే ఇంటికి పోవుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన లక్ష్యము కూడ స్పష్టమైనది. 2030 నాటికి బాలికలలో నూటికి 90 మందికి 15 ఏండ్లలోపు వైరస్ టీకా, స్త్రీలలో నూటికి 70 మందికి 35 ఏండ్లలోపు ఒకమారును, 45 ఏండ్లలోపు మరియొకమారును ఉత్తమ పరీక్ష, మార్పులున్నవారిలో నూటికి 90 మందికి చికిత్స జరుగవలెను.

మిగిలియున్న దూరము

ఆ లక్ష్యమునకు మనమెంత దూరములో నున్నాము? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 30 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు పరీక్ష ఒక్కమారైనను చేయించుకొన్నవారు నూటికి 1.9 మంది, రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 0.9 మంది. నూరుమంది తల్లులున్న వీధిలో ఇద్దరు మాత్రమే ఆ గుమ్మము తొక్కినారన్నమాట.

సిగ్గు ఒక కారణము. భయము ఒక కారణము. దినకూలి పోవునను చింత ఒక కారణము. వీటన్నిటికంటె బలమైనది "నాకేమి? బాగుగనే ఉన్నాను గదా!" అను మాట. పైన చెప్పిన లెక్కలన్నియు ఆ మాటకు సమాధానములే. ఈ పరీక్ష బాగుగా నున్నవారికే. నోటిలో రెండు వారములకు పైగా మానని పుండు, రొమ్ములో గడ్డ, ముట్టుడిగిన పిదప రక్తస్రావము వంటి గుర్తులు కనబడినవారు ఈ క్రమపు పరీక్షకు కాచుకొని కూర్చుండరాదు. వెంటనే వైద్యుని చూడవలెను.

ఈ విషయమున ఉన్నత పాఠశాలకు గల శక్తి గొప్పది. కణవిభజనము జీవశాస్త్రపు పాఠములో నున్నది. రెట్టింపుల లెక్క గణితములో నున్నది. ఆమ్లములు రసాయనశాస్త్రములో నున్నవి. వేయిమంది స్త్రీల లెక్కను నల్లబల్ల మీద వేసి చూపుటకు ఒక పీరియడు చాలును. ఆ సాయంకాలము ఇంటికి పోయిన విద్యార్థి తన తల్లిని "అమ్మా, నీకు ముప్పది దాటినవి గదా, ఆ పరీక్ష ఎప్పుడు చేయించుకొంటివి?" అని అడిగినచో, ఏ ప్రకటనయు చేయలేని పని జరుగును. ఆశా కార్యకర్త కాగితముతో ఇంటికి వచ్చినప్పుడు ఆ తల్లి తలుపు చాటున నిలువదు. ఏ కేంద్రములో, ఏ దినమున చేయుదురని తానే అడుగును.

బేగంపేటలో ఆనాడు రాస్ చేతిలోనున్నది పాత సూక్ష్మదర్శిని. అప్పటికి కోసిన దోమలలో ఆయనకు కావలసినది ఎన్నోమారులు కనబడలేదు. కనబడలేదని ఆయన మానలేదు; మరల మరల చూచెను. సవ్యముగా వెదకుటయు, విడువక వెదకుటయు అను రెండు గుణములే కాన్సరు విషయమునను ప్రాణములను కాపాడునవి.